గాడి ఎడమ చేతి వైపు

రంగుల ఫ్యాక్టరీ, మెకానిక్కుల గది
జనవరి 9

అన్నయ్యకి,

ఫోన్ చేస్తే రెండో మాటకే ఒంటికాలి మీద లేస్తావు. కాగితం మీదైతే నా మాట పూర్తయ్యేదాకా నువ్వు నోరు మూసుకుని ఉండక తప్పదు. అందుకే రాస్తున్నాను.

నీ షెడ్డులో బాగుచేయించిన గాలి మోటారుని మూడో నంబరు తొట్టి మీద బిగించాం. రంగు కలిపే తొట్టి అది. గదంతా థిన్నరు ఆవిరి, ఒక్క నిప్పురవ్వ పడితే అందరం పైకే. కరెంటు మోటారు పెట్టే వీల్లేక గొట్టంలో వచ్చే ఒత్తిడి గాలితో నడుపుతున్నామని నీకు తెలుసు. ఉదయం వాల్వు తిప్పితే మోటారు బుస్సుమంటుంది గానీ షాఫ్టు కదలదు. షాఫ్టుని తొట్టిలోని కలుపుడు కడ్డీకి జతచేసే కప్లింగు పట్టుకుని కాస్త కదిపితే అందుకుంటుంది. ఒకసారి అందుకుందంటే సాయంత్రం దాకా ఢోకా లేదు. మళ్ళీ మర్నాడు అదే మొండితనం.

నీకు పంపకముందు ఈ జబ్బు లేదు. అప్పుడు బ్లేడ్లు అరిగిపోయి బలం తగ్గింది, అంతే. నువ్వు కొత్తవి వేసి పంపావు, కాగితం మీద "పరీక్షించాము, బాగున్నది" అని సంతకం కూడా గీకావు. విప్పి చూద్దామంటే నీ సీలు అడ్డం. సీలు తెంపితే పూచీ ఉండదని అచ్చు వేయించిన మహానుభావుడివి నువ్వే. ఏం చెయ్యమంటావో రాయి.

అమ్మ మోకాలు ఎలా ఉంది? వదినని అడిగానని చెప్పు.

నీ చెల్లి

*

కొత్త షెడ్డు
జనవరి 16

చెల్లీ,

పదిహేనేళ్ళు ఆ ఫ్యాక్టరీలో స్పానరు పట్టుకుని ఇంకా ఇదా అడగడం? రంగుల కంపెనీ వాళ్ళు నీకు యూనిఫారం ఇచ్చారు గానీ బుర్ర ఇవ్వడం మరిచిపోయినట్టున్నారు. సరే, అ ఆల దగ్గర్నుంచి మొదలుపెడతాను, చెవిన వేసుకో.

గుండ్రటి డబ్బా ఉంటుంది. కేసింగ్ అంటారు. దాని లోపల రోటరు. అది డబ్బాకి నడిమధ్యన ఉండదు, ఓ పక్కకి జరిగి ఉంటుంది. అందుకే ఒకవైపు గోడకి దాదాపు ఆనుకుంటుంది, రెండోవైపు నెలవంకలాగా ఖాళీ మిగులుతుంది. రోటరుకి చుట్టూ చీలికలు, ఆ చీలికల్లో లోపలికీ బయటికీ జారే బ్లేడ్లు. గాలి వచ్చి రెండు బ్లేడ్ల మధ్య అరలో చేరుతుంది. ఆ అరకి ముందున్న బ్లేడు ఎక్కువ బయటికొచ్చి ఉంటుంది, వెనకది తక్కువ. ఎక్కువ వెడల్పు మీద ఎక్కువ తోపుడు గదా, రోటరు అటు తిరుగుతుంది. తిరిగేకొద్దీ అర పెద్దదై గాలి విచ్చుకుంటుంది, చివరికి అవతలి రంధ్రంలోంచి పోతుంది. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

ఇక నీ జబ్బు. మీ గాలి లైనులో నీళ్ళుండి ఉంటాయి. నూనె గిన్నె ఎండిపోయి ఉంటుంది, లేదా అందులో జిగురులాంటి నూనె పోసి ఉంటారు. బ్లేడు చీలికలో అంటుకుపోతే బయటికెలా వస్తుంది? ముందు నీ ఇల్లు ఊడ్చుకుని తర్వాత నా గుమ్మం ఎక్కు.

ఈలోగా పని ఆపి కూర్చోకు. కప్లింగు మీద చెయ్యి పడకుండా పెట్టిన ఇనప జాలీ విప్పెయ్యి, వాల్వు కాస్త తెరిచి ఉంచి, చేత్తో ఒక తిప్పు తిప్పు. నేనిక్కడ నూనె అంతటా పట్టడానికి ప్రతి మోటారునీ ముందు చేత్తో తిప్పి, అది తిరుగుతుండగానే గాలి ఇస్తాను. ఒక్కటీ మొరాయించలేదు.

కొత్త షెడ్డు నువ్వు చూడలేదు. బల్ల వెనక గోడంతా కిటికీ. వెలుతురు భుజం మీంచి వచ్చి సరిగ్గా చేతుల మీద పడుతుంది. నాన్న జన్మంతా ఎదురు కిటికీ ఎండకి కళ్ళు చికిలించుకుంటూ చేశాడు పాపం, ఈ భోగం ఎరగడు.

అమ్మ మోకాలు అలాగే ఉంది. నీ వదిన బాగానే ఉంది.

అన్నయ్య

*

రంగుల ఫ్యాక్టరీ, మెకానిక్కుల గది
జనవరి 23

అన్నయ్యకి,

నీ పాఠం అందింది. నాన్న మనిద్దర్నీ ఒకే రోజు, ఒకే బల్ల ముందు కూర్చోబెట్టి చెప్పిన పాఠమే అది. కాకపోతే నువ్వు ఒక ముక్క మింగేశావు.

ముందు నీ అనుమానాలు తీరుస్తాను. లైనులో నీళ్ళు లేవు, వడపోత గిన్నె విప్పి తెల్లగుడ్డతో తుడిచి చూశాను. నూనె గిన్నె నిండుగా ఉంది, నూనె పల్చటిదే. ఒత్తిడి మోటారు నోటి దగ్గరే కొలిచాను, ఎంత కావాలో అంత ఉంది. మా ఇల్లు ఊడ్చి ముగ్గు కూడా వేశాను. ఇప్పుడు నీ గుమ్మం ఎక్కుతున్నాను.

నువ్వు మింగేసిన ముక్క ఇది. మోటారు తిరుగుతున్నప్పుడు బ్లేడ్లు ఆ విసురుకి వాటంతటవే వెళ్ళి గోడకి ఆనుకుంటాయి. ఆగి ఉన్నప్పుడు విసురెక్కడిది? వాటిని బయటికి తోసేదెవరు? నూనె ఒత్తిడితో నడిచే మోటార్లయితే చాలావాటిలో బ్లేడ్ల కింద స్ప్రింగులుంటాయి. మా దాంట్లో స్ప్రింగులు లేవు. బ్లేడుకి ఒక ముఖాన సన్నటి గాడి ఉంటుంది. గాలి తోసే వైపుకి ఆ గాడి ఉండాలి. అప్పుడు గాలి గాడిలోంచి కిందికి దిగి బ్లేడుని అడుగునుంచి లేపుతుంది. గాడి అవతలి వైపుకి తిరిగితే గాలి అడుక్కి పోదు, బ్లేడు లేవదు, మోటారు బుస్సుమని ఊరుకుంటుంది. చేత్తో తిప్పితే విసురొచ్చి లేస్తుంది. అచ్చం మా మోటారు జబ్బు.

కాబట్టి నేనడిగేది ఒక్కటే. గాడి ఎటు పెట్టావు?

దీనికి జవాబు ఒక్క లైను చాలు. మిగతా కాగితం తిట్లకి వాడుకో.

నీ చెల్లి

*

కొత్త షెడ్డు
ఫిబ్రవరి 1

ప్రశ్నల పుట్టకి,

చిన్నప్పుడు నీకీ పేరు పెట్టింది నేనే, ఊరికే పెట్టలేదు. నాన్న ఒక మాట చెబితే నువ్వు పది అడిగేదానివి. నేను ఆ పది ప్రశ్నల టైములో రెండు మోటార్లు బిగించేవాణ్ణి. అందుకే నాన్న బల్ల నాకొచ్చింది, నీకు ప్రశ్నలు మిగిలాయి.

గాడి ఎటు పెట్టానని నన్నడుగుతున్నావా? "షాఫ్టు కిటికీ వైపు, గాడి ఎడమ చేతి వైపు." నాన్న చెప్పిన లెక్క. రోటరుని పడుకోబెట్టి షాఫ్టు కిటికీ వైపు తిప్పాలి, పైకొచ్చిన చీలికలో బ్లేడు దించేటప్పుడు గాడి మన ఎడమ చేతి వైపు ఉండాలి. మన దగ్గరికొచ్చే మోటార్లన్నీ ఒకే వైపుకి తిరిగేవి, లెక్క కూడా ఒక్కటే. ముప్ఫై ఏళ్ళుగా కళ్ళు మూసుకుని వేస్తున్నాను. నా చేతులకి తెలిసినంత నీ పుస్తకాలకి తెలియదు.

నువ్వు అనుమానపడ్డావు కాబట్టి రాస్తున్నాను, ఆ రోజు కూడా అలాగే వేశాను. షాఫ్టు కిటికీ వైపు. గాడి ఎడమ చేతి వైపు. ఇంక ఈ సంగతి ఎత్తకు. సీలు తెంపావో, నాకూ ఆ మోటారుకీ సంబంధం లేదు.

రోజూ పొద్దున ఒక్కసారి చేత్తో తిప్పితే మీ రాణీగార్ల చేతులేం అరిగిపోవు.

అన్నయ్య

*

ఇంటి నుంచి
మార్చి 4

అన్నయ్యకి,

పొడుగ్గా రాయలేను.

పోయిన నెల పదహారున మూడో తొట్టి దగ్గర ప్రమాదం జరిగింది. జాలీ లేదు. వాల్వు తెరిచి ఉంది. కప్లింగు తిప్పుతుంటే మోటారు ఒక్కసారిగా అందుకుంది. చెయ్యి లోపలికి పోయింది. కుడిచెయ్యి. రెండు వేళ్ళు పోయాయి, మూడోది వంగదు.

విచారణ ఈ నెల ఇరవై తొమ్మిదిన. మోటారు బాగానే ఉందని నీ కాగితం చెబుతోంది. కాబట్టి తప్పు మెకానిక్కుదే అంటున్నారు. అంటే నాది. జాలీ విప్పించింది నేనే, అది ఒప్పుకుని రాసిచ్చాను. మోటారు ఎందుకు మొండికేసిందో తేలకపోతే ఉద్యోగం పోతుంది.

నిన్న అందరి ఎదుటా సీలు తెంపారు. ఎనిమిది బ్లేడ్లు. ఎనిమిదికి ఎనిమిదీ తిరగబడి ఉన్నాయి. గాడి చూపిస్తే, ఆ గీత ఎటుంటే ఏమిటని భద్రతాధికారి అడిగాడు. మోటారు పాతది, దాని పుస్తకం ఎవరి దగ్గరా లేదు. బాగుచేసినవాడు రాసిస్తేనే నమ్ముతారట.

రాసివ్వు.

నీ చెల్లి

*

కొత్త షెడ్డు
మార్చి 11

చెల్లీ,

ముందు ఆ రాతేమిటి? కోడి గెలికినట్టు. బస్సులో నించుని రాశావా? నీ ఉత్తరం చదవడానికి నీ వదినా నేనూ పూటంతా కుస్తీ పట్టాం. స్కూల్లో దస్తూరికి బహుమతులు తెచ్చుకున్న మనిషివి, నాకు రాసేసరికి ఆ మాత్రం శ్రద్ధ కూడా దండగనిపించిందా?

ఇక విషయానికొస్తాను. ఎవడో దద్దమ్మ తిరిగే కప్లింగులో చెయ్యి పెడితే దానికి నా షెడ్డు జవాబుదారీనా? తిప్పమన్నాను గానీ పట్టుకుని వేలాడమన్నానా? ఒక్క తిప్పు తిప్పి చెయ్యి తీసేయాలని చంటిపిల్లలకి కూడా తెలుసు. వాడికి బుద్ధి లేకపోతే నేనేం చెయ్యను? ఇప్పుడు వాడి ఇంట్లోవాళ్ళు ఏడుస్తూ ఉంటారు, నువ్వు కరిగిపోయి ఉంటావు, ఆ కరిగిందంతా తెచ్చి నా నెత్తిన పోస్తున్నావు.

ఎనిమిదికి ఎనిమిదీ తిరగబడ్డాయంటే నాకు నవ్వొస్తోంది. ఒకటి తప్పిందంటే నమ్ముతాను, మనిషినే కదా. ఎనిమిదీ తప్పాయంటే మధ్యలో ఎవరో విప్పి వేసి ఉండాలి. సీలు ఉందంటావా, సీసం సీలు చెయ్యడం ఎంత సేపు?

రాసివ్వను. ఒక్కసారి నా చేత్తో తప్పని రాశానంటే ఇంక నా దగ్గరికి మోటారు తెచ్చేదెవరు? నాన్న పేరుకి మచ్చ తెస్తావా నువ్వు? ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకో, మీ ఆయన సంపాదన లేకనా.

ఒక మాట. జనవరిలో నేను రాసిన ఉత్తరం ఉంటే చింపెయ్యి. చేత్తో తిప్పమన్న సంగతి ఇంట్లో మాటగా చెప్పింది, ఊళ్ళో వాళ్ళకి చూపించడానికి కాదు.

అన్నయ్య

*

ఇంటి నుంచి
మార్చి 17

అన్నయ్యకి,

ఇది రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. కాబట్టి ప్రతి ముక్కా చదువు.

వాడు, వాడు అని నువ్వే రాశావు. నేనెక్కడా అనలేదు. ఆ దద్దమ్మని నేనే. చూపుడువేలు, నడిమివేలు లేవు. ఉంగరంవేలు వంగదు. ఎడమ చేత్తో రాస్తున్నాను. కోడి కూడా నెల రోజులు గెలికితే ఈ మాత్రం నేర్చుకుంటుంది. జడ మా ఆయన వేస్తున్నాడు, తాడు పేనినట్టు ఉంటుంది. అమ్మకి చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

రోజూ పొద్దున తొట్టి దగ్గర పనిచేసే మనిషి తిప్పేవాడు. ఆ రోజు వాడికి భయమేసి నన్ను పిలిచాడు. మా అన్నయ్య ముప్ఫై ఏళ్ళుగా తిప్పుతున్నాడు, ఏం కాదని చెప్పి నేను తిప్పాను. నువ్వు తిప్పేది బల్ల మీద, బరువేమీ లేని మోటారుని. నాది తొట్టెడు రంగులో దిగి ఉంది. ఆ తేడా నాకు తట్టాలి. తట్టలేదు. అందుకు నిన్నేమీ అనను.

మిగతాది అంటాను.

ఎవరో విప్పారని రాశావు. ఎవరూ విప్పలేదు. నువ్వు తప్పు వేశావు, అదీ నీ లెక్క ప్రకారం సరిగ్గానే వేశావు. ఇంట్లో పడుకుని నీ ఉత్తరాలు మళ్ళీ మళ్ళీ చదివితే తెలిసింది. పాత షెడ్డులో నాన్న బల్లకి కిటికీ ఎదురుగా ఉండేది. షాఫ్టు కిటికీ వైపంటే మనకి అవతలి వైపు. కొత్త షెడ్డులో కిటికీ నీ వీపు వెనక ఉందని నువ్వే గొప్పగా రాశావు. ఇప్పుడు షాఫ్టు కిటికీ వైపంటే ఎటు? నీ పొట్ట వైపు. రోటరు అటుదిటు అయింది, నీ ఎడమ చెయ్యి మాత్రం ఎక్కడుందో అక్కడే ఉంది. గాడి తిరగబడక ఏమవుతుంది?

బల్ల మీద నువ్వు ముందు చేత్తో తిప్పి గాలి ఇస్తావు. అందుకే నీకు ఒక్కటీ మొరాయించలేదు.

నాన్న కిటికీ మాట ఎందుకన్నాడో తెలుసా? గాలి తోసే వైపు గాడి ఉండాలి, ఈ బల్ల దగ్గర అది గుర్తుండటానికి కిటికీని ఆనవాలు పెట్టుకున్నానని చెప్పాడు. నేనడిగితే చెప్పాడు. నీకు కిటికీ మిగిలింది, నాకు కారణం మిగిలింది. బల్ల నీకిచ్చాడు. ఇన్నేళ్ళూ నాకు ఆ కడుపుమంట ఉంది, ఇవాళ దాచుకోను.

ఆ షెడ్డులోకి మారాక ఎన్ని మోటార్లు పంపావో లెక్క చూసుకో. వాటి దగ్గర ఎవరు చేత్తో తిప్పుతున్నారో ఆలోచించు.

నీ ఉత్తరం చింపలేదు. ఎవరికీ చూపించనూ లేదు. నువ్వే చెబుతావేమో చూద్దామని ఆగాను.

మొదటే నా చెయ్యి సంగతి రాస్తే నువ్వు ఏడుస్తూ వచ్చేవాడివి, నాకు తెలుసు. నీ జాలి నాకొద్దు. నాకు కావలసింది నీ సంతకం. ఇరవై తొమ్మిదో తేదీ లోపల.

నీ చెల్లి

*

కొత్త షెడ్డు
మార్చి 24

చెల్లీ,

నీ ఉత్తరం చదివి వెంటనే రాలేదు. రావద్దన్నావని కాదు, మొహం చెల్లలేదు. మొదట కోపం వచ్చింది. కిటికీ మీద నా చెల్లెలు నాకు పాఠం చెప్పడమా అనుకున్నాను. అంత వెధవని.

షెల్ఫులో పంపడానికి సిద్ధంగా ఒక మోటారు ఉంది. సీలు తెంపి విప్పాను. ఎనిమిదీ తిరగబడి ఉన్నాయి. మళ్ళీ బిగించి, చేత్తో ముట్టుకోకుండా గాలి ఇచ్చాను. బుస్సుమంది. కదల్లేదు. బల్ల దగ్గర కూర్చుని ఆ బుస్సు వింటూ ఉంటే నీ వదిన వచ్చి వాల్వు కట్టేసింది. ఆవిడకి అంతా చెప్పాను. ఆవిడ నాతో మాట్లాడటం లేదు, మంచిపని చేస్తోంది.

నాన్న ఆ పాఠం చెప్పిన రోజు నాకు బాగా గుర్తుంది. "ఎందుకంటే" అని ఆయన మొదలుపెట్టగానే నేను టీ తాగడానికి లేచిపోయాను. నువ్వు కూర్చున్నావు. నేను తిరిగొచ్చేసరికి మీరిద్దరూ నవ్వుకుంటున్నారు. ఆ రోజు నుంచీ నిన్ను వెక్కిరించడమే నా పని అయింది. చేతులకి తెలుసు, చేతులకి తెలుసు అని ఇన్నేళ్ళు ఊదరగొట్టాను. నా చేతులకి ఏమీ తెలియదు. కిటికీ ఎటుంటే అటు తిరుగుతాయి.

షెడ్డు మారాక నీది కాక పదకొండు మోటార్లు బయటికెళ్ళాయి. ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. చేత్తో తిప్పకండి, గాలి కట్టేసి పక్కన పెట్టండి, తప్పు నాది, వచ్చి తీసుకెళతాను అని చెప్పాను. నలుగురు రోజూ చేత్తోనే తిప్పుతున్నారట. ఒకాయన నవ్వి, కొత్త మోటారు కదా బిగువుగా ఉందనుకున్నామన్నాడు. మీ పది వేళ్ళూ ఉన్నాయా అని అడిగాను. ఆయనకి అర్థం కాలేదు. తొమ్మిది మోటార్లు తెచ్చేశాను. రెండు దూరంలో ఉన్నాయి, రేపు బయల్దేరుతున్నాను.

దీంతోపాటు సంతకం పెట్టిన కాగితం పంపుతున్నాను. అందులో మూడు సంగతులున్నాయి. ఎనిమిది బ్లేడ్లూ నేను తిరగేసి వేశాను. ముందు చేత్తో తిప్పి పరీక్షించి, బాగున్నదని సంతకం పెట్టాను. జాలీ విప్పి, వాల్వు తెరిచి చేత్తో తిప్పమని మెకానిక్కుకి నేనే రాశాను, ఆ ఉత్తరం ఆమె దగ్గర ఉంది, చూడవచ్చు. విచారణకి నేనే వస్తాను. ఒక రోటరు, ఎనిమిది బ్లేడ్లు పట్టుకొస్తాను. గీత ఎటుంటే ఏమిటని అడిగినాయనకి గాలి పెట్టి మరీ చూపిస్తాను.

బల్ల సంగతి రాశావు. ఇప్పుడు తీసుకో అంటే నా మొహాన కొడతావు, అందుకని అనను.

నీ రాతని కోడి గెలికినట్టుందని రాశాను. నిన్న తలుపేసుకుని ఎడమ చేత్తో రాసి చూశాను. మూడు లైన్లకి పూట పట్టింది. ఆ కాగితం కూడా ఇందులో పెడుతున్నాను. దాచుకోకు, నవ్వుకుని పారెయ్యి.

నన్ను క్షమించమని అడగడానికి ధైర్యం చాలడం లేదు. చేతగానిదానివని నిన్ను ఎన్నిసార్లు అన్నానో, ఆ మాటలన్నీ నాకే.

అన్నయ్య

*

రంగుల ఫ్యాక్టరీ, మెకానిక్కుల గది
ఏప్రిల్ 20

అన్నయ్యకి,

పైన అడ్రసు చూశావు కదా. ఉద్యోగం ఉంది. నిన్ననే కాగితం ఇచ్చారు. జాలీ విప్పినందుకు ఒక హెచ్చరిక రాసి పెట్టుకున్నారు, అది న్యాయమే. ఆ రోజు నువ్వు అందరి ముందూ రోటరు పెట్టి, బ్లేడ్లు అటూ ఇటూ తిప్పి వేసి చూపించావు. భద్రతాధికారి ఆ తర్వాత నన్ను పిలిచి, మీ అన్నయ్య పెద్ద పనివాడిలా ఉన్నాడే అన్నాడు. కిటికీ ఎదురుగా ఉన్న బల్ల దగ్గరైతేనే అన్నాను.

ఇవాళ మూడో నంబరు మోటారుని నేనే బిగించాను. ఎడమ చేత్తో, గంటన్నర పట్టింది. రెండు బ్లేడ్లు కింద పడ్డాయి, తొట్టి మనిషి ఏరి ఇచ్చాడు. గాడి ఎటో చూడటానికి కిటికీ వైపు చూడలేదు, కేసింగు మీద మోటారు తిరిగే వైపు చూపే బాణం గుర్తు ఒకటి ఉంటుంది, దాన్ని చూశాను. నువ్వూ ఇకనుంచి దాన్ని చూడు. ఆ కిటికీకి గుడ్డ కట్టు.

జాలీ బిగించి, అందర్నీ దూరంగా నించోబెట్టి వాల్వు తెరిచాను. ఎవరూ ముట్టుకోలేదు. తిరిగింది. నాకు ఏడుపొచ్చింది, థిన్నరు ఆవిరని చెప్పాను.

ఆఖరి రెండు మోటార్లు వచ్చాయా? వాటి సంగతి నువ్వింకా రాయలేదు. ముందు అది రాయి, మిగతాది తర్వాత.

నీ ఎడమ చేతి రాత వచ్చింది. మొదటి లైను నాకు అర్థమైంది, రెండోది మా ఆయనకి అర్థమైంది, మూడోది ఎవరికీ కాలేదు. కోడి నయం. రోజూ ఒక పేజీ రాయి, ఆదివారం ఆదివారం నాకు పంపు. తప్పులు దిద్ది పంపుతాను.

నీ చెల్లి